‘నేనెవరో చెప్పుకో’ అని అడక్కు నాయనా

సెలవులకి ఇంటికొస్తావు. బ్యాగు గుమ్మంలోనే పడేసి, చెప్పులైనా సరిగ్గా విప్పకుండా మీ నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్తావు. నీకు ఆవిడంటే అంత ప్రాణం, నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని మొట్టమొదట అడిగే మాటేమిటి? ‘నాయనమ్మా, నేనెవరో చెప్పుకో చూద్దాం!’ ఆవిడ నీ మొహంలోకి చూస్తుంది. నవ్వబోతుంది. ఎవరైనా అందిస్తారేమోనని చుట్టూ ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూస్తుంది. నువ్వు ఊరుకోవు. ‘చెప్పు, చెప్పు, పేరు చెప్పు’ అంటావు. ఆఖరికి మీ నాన్న పేరో, ఎప్పుడో పోయిన తన తమ్ముడి పేరో చెబుతుంది. నీ మొహం చిన్నబోతుంది. నీ పేరు ఆవిడకి గుర్తులేదు గానీ, నీ మొహం చిన్నబోవడం కనిపిస్తుంది కదా నాయనా. తనేదో తప్పు చేసిందని అర్థమవుతుంది. ఏం తప్పు చేసిందో మాత్రం తెలీదు.

అందుకే చెబుతున్నాను, ఆ మాట అడక్కు. నువ్వే చెప్పు. ‘నాయనమ్మా, నేను నీ పెద్ద మనవణ్ణి, హైదరాబాదు నుంచి ఇప్పుడే వచ్చాను’ అను. గుర్తొస్తే సంతోషిస్తుంది. రాకపోయినా, నావాడెవడో నన్ను చూడ్డానికి వచ్చాడని సంతోషిస్తుంది. రెండిట్లోనూ నీకు పోయేదేముంది?

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఆదివారం పూట వీడియో కాల్ చేసే పిల్లలకీ ఇదే మాట. ఇక్కడ ఫోను మొహం ముందు పెడతారు, అక్కడ నలుగురు ఒక్కసారే మాట్లాడతారు, ‘అమ్మమ్మా నేనెవరు, ఇదెవరు, వీడెవడు’ అని వరసపెట్టి అడుగుతారు. మీకది ముచ్చట. ఆవిడకి అది పరీక్ష. ఒకరి తరవాత ఒకరు మాట్లాడండి. పేరు ముందే చెప్పండి. మీరు తిన్న కూర గురించి చెప్పండి, ఆవిడ చేసే గోంగూర పచ్చడి గురించి మాట్లాడండి. జవాబు చెప్పి తీరాల్సిన ప్రశ్న లేకపోతే ఆవిడ ఎంత తేలిగ్గా మాట్లాడుతుందో మీరే చూస్తారు.

పరీక్ష పెట్టే పని డాక్టరుది. ఆ పని ఆయనకి వదిలెయ్యి. అల్జీమర్స్ అనే ఈ మతిమరుపు జబ్బుకి ఎవరి పేరు పెట్టారో, ఆ జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ కూడా అలాగే మొదలుపెట్టాడు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఆగస్టె అనే యాభై ఒక్క ఏళ్ళావిడని కూర్చోబెట్టి నీ పేరేమిటి, మీ ఆయన పేరేమిటి అని అడిగి, ప్రతి జవాబూ రాసుకున్నాడు. భర్త పేరు అడిగితే ఆవిడ తన పేరే చెప్పింది. ఆవిడ పోయాక మెదడుని పరీక్షించి, లోపల ఏం పాడైందో 1906లో తోటి డాక్టర్లకి వివరించాడు. అడిగినందుకు ఆయనకో ప్రయోజనం ఉంది, జబ్బేమిటో తేల్చాలి. నీకేం ప్రయోజనం నాయనా? ఆవిడకి గుర్తులేదని నీకు ముందే తెలుసు. మళ్ళీ మళ్ళీ తేల్చుకోవడం ఎందుకు?

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త తెలుసుకుంటే నీ తొందర సగం తగ్గుతుంది. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది కొత్త సంగతుల్ని దాచుకునే చోటు. పూర్వం ఇళ్ళల్లో ధాన్యం గాదెలుండేవి. పైనుంచి పోసేవాళ్ళం, కింద కంతలోంచి తీసుకునేవాళ్ళం. మీ నాయనమ్మ గాదెకి పైన పోసే దారి మూసుకుపోయింది. కింద కంత మాత్రం ఇంకా తెరిచే ఉంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, పెళ్ళిలో కట్టుకున్న చీర అంచు రంగు గుర్తుంటుంది. ‘అన్నీ గుర్తున్నాయి, కావాలనే చేస్తోంది’ అని ఎవరైనా అంటే నువ్వు వంత పాడకు. ఆవిడ కావాలని చేస్తున్నది ఏదీ లేదు.

ఇది మన ఒక్క ఇంటి గొడవ కూడా కాదు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగానే, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతి తగ్గే జబ్బు, ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అయినా మన ఇళ్ళల్లో ‘వయసు మీద పడింది, చాదస్తం’ అని సరిపెట్టేస్తాం. అలా సరిపెట్టకు. మతిమరుపంతా ఈ జబ్బే కాదు. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, మనసులో దిగులు పేరుకున్నా మతి మందగిస్తుంది. బాత్రూములో జారిపడి తలకి దెబ్బ తగిలితే, లోపల రక్తం గడ్డకట్టి కొన్ని వారాల తరవాత తికమకగా బయటపడొచ్చు. నిద్రకనీ జలుబుకనీ వాడే కొన్ని మాత్రలూ తికమక పెడతాయి. వీటిల్లో చాలావాటికి వైద్యం ఉంది. చెవి సరిగ్గా వినపడకపోతే అడిగిందానికి పొంతన లేని జవాబు చెబుతారు, మనం మతి పోయిందనుకుంటాం. అందుకని ముందు న్యూరాలజిస్టుకో, పెద్దవాళ్ళని చూసే డాక్టరుకో చూపించండి. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో ఉన్నట్టుండి తలకిందులైతే అసలు ఆగకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, సోడియం పడిపోవడమో అయివుండొచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అల్జీమర్సే అని తేలితే, పూర్తిగా నయం చేసే మందు ఈ రోజుకి లేదు. డోనెపెజిల్, మెమాంటిన్ లాంటివి కొందరికి కొంతకాలం ఆసరాగా పనిచేస్తాయి. మిగిలిన వైద్యం ఇంట్లోనే ఉంది, మన నోట్లో ఉంది, మన చేతుల్లో ఉంది.

నోట్లో ఉందని ఎందుకంటున్నానో విను. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి కొన్ని ఏడుపు సినిమా ముక్కలు, కొన్ని నవ్వించే ముక్కలు చూపించారు. 2014లో ఆ సంగతి ప్రచురించారు. కాసేపయ్యాక ఏం చూశారని అడిగితే వాళ్ళకి సినిమా దాదాపు గుర్తులేదు. కానీ ఏడుపు చూసినవాళ్ళ మనసులో బాధ, నవ్వు చూసినవాళ్ళ మనసులో హాయి అలాగే ఉండిపోయాయి. ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. నువ్వు పొద్దున కసురుకుంటావు. మధ్యాహ్నానికి ఆవిడ ఆ మాట మరిచిపోతుంది, ఆ నొప్పి మాత్రం పోదు. ఎందుకు దిగులుగా ఉందో తెలీక, అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ‘ఎలాగూ మర్చిపోతుందిగా’ అని మాట తూలకు నాయనా. మాటే మర్చిపోతుంది.

ఇక వాదన. ఇల్లిల్లూ ఇక్కడే ఓడిపోతుంది. మా అత్తగారికి చివరి ఏళ్ళలో ఈ జబ్బే. భోజనం చేసి చెయ్యి కడుక్కుని వీధి అరుగు మీద కూర్చునేది. దారినపోయే ప్రతి మనిషినీ పిలిచి ‘పొద్దుటినుంచీ నాకు అన్నం పెట్టలేదమ్మా’ అనేది. కోడలికి అంతకంటే నింద ఏముంటుంది చెప్పు? ఇప్పుడేగా తిన్నారు, పప్పు వేశాను, పెరుగు వేశాను అని లెక్క చెబితే ఆవిడకి ఆ లెక్క అబద్ధంగానే తోస్తుంది. ఎందుకంటే తిన్న సంగతి ఆవిడలో లేదు. అందుకని నేను లెక్క చెప్పేదాన్ని కాదు. ‘అయ్యో, ఆకలేస్తోందా అత్తయ్యగారూ, ఇదిగో తెస్తున్నా’ అని చిన్న గ్లాసుడు మజ్జిగో, సగం అరటిపండో చేతిలో పెట్టేదాన్ని. చుట్టుపక్కల వాళ్ళకి మాత్రం జబ్బు సంగతి దాచకుండా చెప్పేశాం. దాచినన్నాళ్ళూ నిందే మిగులుతుంది. చెప్పాక వాళ్ళే ఆవిడకి కబుర్లు చెప్పి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేవాళ్ళు.

‘నా డబ్బులు ఎత్తుకుపోయారు’ అనేది ఇంకొకటి. చిల్లర కట్టుకున్న రుమాలు తనే ఎక్కడో దాచేది, పనిమనిషిని అనేది, నన్ను అనేది. నేను తియ్యలేదని ఒట్లు పెట్టుకుంటే పోట్లాటే. ‘పదండి, వెతుకుదాం’ అని ఇద్దరం కలిసి వెతికేవాళ్ళం. బియ్యం డబ్బాలో ఉండేది, లేకపోతే దిండు గలీబులో. దొరికాక ‘నేను చెప్పలా’ అనకూడదు. ‘హమ్మయ్య, దొరికింది’ అనాలి. గెలవాలని చూడకు నాయనా. ఆవిడ మీద గెలిచి నువ్వేం చేసుకుంటావు?

దీపాలు పెట్టే వేళకి ‘మా ఇంటికి పోతాను’ అని బయలుదేరతారు చూశావా, అది చాలామందికి ఉంటుంది. వెలుగు తగ్గేసరికి కంగారు పెరుగుతుంది. ‘ఇదే కదా మీ ఇల్లు’ అని గోడలు చూపిస్తే ఒప్పుకోరు. ఆ ఇల్లు ఎప్పటిదో, అందులో వాళ్ళమ్మ ఉందేమో, నాన్న ఉన్నాడేమో. చీకటి పడకముందే లైట్లు వెయ్యండి. టీవీ కట్టెయ్యండి. ‘వెళ్దాం పదండి’ అని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి, ‘మీ ఊళ్ళో చెరువు ఎంత దూరం? ఎవరెవరు వెళ్ళేవాళ్ళు?’ అని మాట కలిపి వెనక్కి తీసుకురండి. చాలాసార్లు గుమ్మం దగ్గరికి రాగానే వాళ్ళే ‘వచ్చేశాం’ అంటారు.

ఎప్పుడో పోయిన తాతయ్య ఇంకా రాలేదేమని అడిగితే ఏం చెప్పాలని నువ్వు అడుగుతావు. అబద్ధం చెప్పడం తప్పు కదా అంటావు. మంచి పిల్లాడివి కాబట్టి అడుగుతావు. కానీ ఆలోచించు. పోయారని చెబితే ఆవిడకి అది ఇప్పుడే తెలిసిన కబురు. ఆ ఏడుపు కొత్తది. రేపు మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ చెబుతావు, మళ్ళీ కొత్తగా ఏడుస్తుంది. ఒక్క మనిషి చావుని ఆవిడ ఎన్నిసార్లు భరించాలి? అలాగని పక్కూరెళ్ళాడు, వచ్చేస్తాడని కథ అల్లమనీ అనను. అడిగిన మాట వెనక ఏముందో దానికి జవాబివ్వు. ‘తాతయ్య గుర్తొచ్చారా నాయనమ్మా? ఆయనకి ఏ కూరంటే ఇష్టం?’ అను. గుత్తివంకాయ అంటుంది. ఎలా వండేదో చెబుతుంది. అందులో అబద్ధమెక్కడుంది? ఆవిడకి కావలసింది తాతయ్య గురించి కాసేపు మాట్లాడుకోవడం. ఆ ముచ్చట తీరుతుంది.

మా వీధిలో ఒక రిటైరయిన మాస్టారు ఉండేవారు. పొద్దున తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు చంకన పెట్టుకుని ‘బడికి టైమైపోతోంది’ అని గేటు దగ్గర నిలబడేవారు. ‘మీరు రిటైరయ్యి ఎన్నేళ్ళయింది!’ అని ఇంట్లో అందరూ అరిచేవాళ్ళు. ఆయన చేతులు వణికేవి, గేటుని ఊపేసేవారు. వాళ్ళ మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, ఒకరోజు తన పాత తెలుగు నోటుపుస్తకాలు, ఒక ఎర్ర పెన్ను తెచ్చి ‘తాతయ్యా, ఇవి కాస్త దిద్దిపెట్టవా’ అంది. ఆయన గొడుగు కొక్కేనికి తగిలించి వరండాలో కూర్చున్నారు. ఒత్తు తప్పిన చోట సున్నా చుట్టారు. పక్కన సరైన అక్షరం గుండ్రంగా రాశారు. పేజీ చివర సంతకం పెట్టి తారీకు వేశారు. తారీకు ఏ కాలానిదో గానీ, ఒత్తులు మాత్రం ఒక్కటి తప్పలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో పొద్దున పూట గేటు గొడవ చాలామటుకు తగ్గింది. ఆయనకి కావలసింది బడి కాదు నాయనా, పని. నేనింకా ఒకరికి పనికొస్తాననే ధైర్యం.

కాబట్టి వాళ్ళని ఊరికే కూర్చోబెట్టకు. చిక్కుడుకాయలు ఈనెలు తీయమను. దీపానికి వత్తులు చెయ్యమను. ఉతికిన తువ్వాళ్ళు మడతపెట్టమను. వంకరగా మడిస్తే మడవనీ, వాళ్ళ కళ్ళముందు మళ్ళీ విప్పి సర్దకు. పొద్దున సుప్రభాతం పెట్టు, సాయంత్రం ఘంటసాల పాట పెట్టు. మన పేర్లు మరిచిపోయినవాళ్ళు చరణం చరణం పాడటం నేను విన్నాను. నువ్వూ గొంతు కలుపు.

స్నానం దగ్గర తొందరపెట్టకు. మీద ఒక్కసారి నీళ్ళు గుమ్మరిస్తే భయపడిపోతారు. ముందు కాళ్ళమీద పొయ్యాలి, వేడి చూపించాలి, ఒంటిమీద తువ్వాలు ఉంచాలి, చేసేది చెబుతూ చెయ్యాలి. వద్దంటే అరగంట ఆగు, మళ్ళీ అడుగు. బీరువా తెరిచి ఏ చీర కట్టుకుంటావని అడిగితే తికమకపడతారు. రెండు చీరలు చూపించు, చాలు. ఒక్కసారికి ఒక్క మాట చెప్పు, ఒక్క పని చెప్పు. అన్నం మెత్తగా కలిపి, నిటారుగా కూర్చోబెట్టి పెట్టు. మింగేటప్పుడు మాటిమాటికీ పొలమారుతుంటే డాక్టరుకి చెప్పు, ముదిరినకొద్దీ మింగడం కష్టమవుతుంది, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

జాగ్రత్తలు కూడా ప్రేమే నాయనా. వంటయ్యాక గ్యాసు సిలిండరు దగ్గర కట్టెయ్యండి. బాత్రూము తలుపుకి లోపలి గడియ తీసేయండి. రాత్రి నడిచే దారిలో చిన్న బల్బు వెలగనివ్వండి. జేబులోనో కొంగు చివరో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి, ఇటీవలి ఫొటో ఒకటి మీ ఫోన్లో ఉండాలి. మనిషిని కట్టెయ్యడం, గదిలో పెట్టి తాళం వెయ్యడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఇంకో మాట. జబ్బు మొదట్లో, ఆవిడకి తెలివిడి ఉండగానే, బ్యాంకు, నామినీ, వీలునామా సంగతులు ఆవిడ ఇష్టప్రకారం చక్కబెట్టుకోండి. మన చట్టంలో, మతి స్థిమితం పోయిందంటే అంతకుముందు రాసిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు. తెలివిడి పోయాక ఆవిడ వేలు పట్టుకుని కాగితం మీద ముద్ర వేయించారా, ఆ పాపం కోర్టులో తేలినా తేలకపోయినా, అన్నదమ్ముల మధ్య మాత్రం తరాలపాటు తేలదు.

నీ సంగతీ చూసుకో. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం, నడవడం, చెవుడొస్తే సిగ్గుపడకుండా మిషను పెట్టుకోవడం, నలుగురిలో తిరగడం లాంటివి 14 లెక్కగట్టి, వాటిని చక్కబెట్టుకుంటే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపడమో వాయిదా వెయ్యడమో చేయొచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల సంఘం చెప్పింది. మన హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగుల్ని చూసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఈ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చిందని తేలింది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. పిల్లలకి ఇంగ్లీషు ఒక్కటే చాలనుకునే వాళ్ళకి ఈ మాట కూడా చెప్పు.

అన్నిటికంటే పెద్ద మాట ఆఖర్న చెబుతున్నాను. ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ, ఓపిగ్గా ఉండు, వాదించకు, పరీక్ష పెట్టకు అన్నవన్నీ, ఇంట్లో ఎవరు చేస్తున్నారు? మీ అమ్మ. నువ్వు సెలవులకి వచ్చి రెండు రోజులు ముద్దుగా మాట్లాడి వెళ్తావు. ఆవిడ రాత్రి మూడుసార్లు లేస్తుంది, పక్కబట్టలు మారుస్తుంది, దొంగ అనిపించుకుంటుంది, పొద్దున్నే మళ్ళీ కాఫీ కలిపి ఇస్తుంది. అలాంటి మనిషి ఒక్కసారి విసుక్కుంటే ‘అమ్మా, అలా అనకూడదు, ఫోన్లో చదివాను’ అని నువ్వు పాఠం చెబుతావు. చెప్పకు నాయనా. ఓపిక నిద్రలోంచి వస్తుంది. ఆ నిద్ర నువ్వు ఇవ్వాలి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చుని వంతులు వేసుకోండి. దూరాన ఉన్నవాళ్ళు పగలు చూసుకునే మనిషికి జీతం ఇవ్వండి, మందుల ఖర్చు పంచుకోండి, ఏడాదికి కొన్ని వారాలు సెలవు పెట్టి వచ్చి స్వయంగా చూసుకోండి. ఏం చెయ్యాలో పాలుపోకపోతే ఊరుకోకండి. పెద్దవాళ్ళ సమస్యలకి 14567 నంబరు ఉంది. చూసుకునేవాళ్ళ మనసు బరువెక్కితే టెలిమానస్ 14416 ఉంది. 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థ ఈ జబ్బున్న కుటుంబాలకోసమే పనిచేస్తుంది, హైదరాబాదులోనూ దాని శాఖ ఉంది. అడగడం చిన్నతనం కాదు.

ఇంతకీ ఇవాళే మొదలుపెట్టు. ఈ రాత్రి నాయనమ్మ గదిలో పక్క నువ్వు వేసుకో. ఏ వేళకి లేస్తుందో, ఏ వైపు చెయ్యి పట్టుకోవాలో, మంచినీళ్ళు ఎక్కడ పెట్టాలో మీ అమ్మని అడిగి తెలుసుకో. తెలుసుకున్నాక, ‘ఇక నువ్వెళ్ళి పడుకోమ్మా, నేనున్నాను’ అని ఆవిడని పంపించెయ్యి.